మొదటి వారంలో తగ్గిన మూడు కిలోలు

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు మా వదిన సంగతి చెబుతాను. నలుగురికీ తెలియాలి, చెప్పు అని తనే అంది.

వదిన పుట్టిల్లు ఉద్దానంలో, కవిటి దగ్గర. నిరుడు 78 కిలోలు ఉండేది. తమ్ముడి పెళ్లి లోపు తగ్గాలని, తెలిసినవాళ్ల మాట మీద ఒక ప్లాన్‌లో చేరింది. పొద్దున్నా రాత్రీ అన్నం మానేసి ఒక పొడి కలుపుకుని తాగాలి, మధ్యాహ్నం రెండు బిళ్లలు వేసుకోవాలి. డబ్బా మీద హెర్బల్ అని పెద్ద అక్షరాలతో ఉంది. లోపల ఏమేం కలిపారో మాత్రం ఎక్కడా లేదు. వారం తిరిగేసరికి మూడు కిలోలు తగ్గింది. ఆ రోజు ఫోన్‌లో తన సంబరం చూడాలి!

ఆ మూడు కిలోల లెక్క ఒకసారి చూద్దాం. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు పడాలి. మూడు కిలోలకు 23,000 పైమాటే. మనలాంటి వాళ్ల ఒళ్లు రోజుకి ఖర్చు పెట్టేది 2,000 అటూ ఇటూ. అంటే వారమంతా కటిక పస్తు ఉన్నా 14,000 దగ్గరే ఆగిపోతుంది. మరి తగ్గిందేమిటి? చాలావరకు నీరు. కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ ఉంటుంది. దాని ప్రతి గ్రాముతో పాటు దాదాపు 3 గ్రాముల నీరు ఉంటుంది. తిండి తగ్గించగానే ముందు ఆ నిల్వ ఖర్చవుతుంది, దాంతో నీరూ పోతుంది. మళ్లీ మామూలుగా తింటే తిరిగి వచ్చేస్తుంది. ఈ మొదటి వారం చూపించే వాళ్లు రెండో నెల డబ్బు కట్టించుకుంటారు.

మూడో వారంలో వదినకి పిక్కలు పట్టేయడం, గుండె దడ మొదలయ్యాయి. సోంపేట వెళ్తుంటే బస్సులోనే కళ్లు తిరిగాయి. రక్తపరీక్షలో పొటాషియం బాగా తక్కువగా ఉంది. డాక్టరు బిళ్లలు ఆపించి, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించమన్నారు.

ఉద్దానం వాళ్లకి ఆ మాట వింటే ఎలా ఉంటుందో బయటివాళ్లకి చెప్పడం కష్టం. అక్కడ బడికి వెళ్లని మామ్మకి కూడా క్రియాటినిన్ అంటే తెలుసు. ఎన్నో ఏళ్లుగా ఇళ్లకి ఇళ్లు కిడ్నీ జబ్బుతో నలిగిపోయాయి, దానికి కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. 2023లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం పెట్టింది అందుకే. అలాంటి నేల మీద పుట్టిన మనిషి పేరు తెలియని పొడి తాగింది! రిపోర్టు వచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. అదృష్టం, మామూలుగానే వచ్చింది.

హెర్బల్ అన్న మాటను నమ్మి భయం వదిలేయకండి. సిబుట్రమిన్ అనే బరువు తగ్గించే మందు ఉండేది. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతుందని తేలాక 2010లో అమెరికాలో ఆపేశారు, 2011లో మన దేశంలో నిషేధించారు. ఆ తర్వాత కూడా మూలికల పేరుతో అమ్మే బిళ్లల్లో అది దొంగతనంగా కలిపి దొరుకుతూనే ఉంది.

అలాగని మందులన్నీ మోసమని నేను అనను. ఆర్లిస్టాట్ అనే మందు మనం తిన్న కొవ్వులో మూడో వంతు దాకా ఒంటికి పట్టకుండా ఆపుతుంది. దాంతో జిడ్డు విరేచనాలు అవుతాయి, తగ్గే బరువు కూడా కొంచెమే. సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ గట్టిది. 2021లో వచ్చిన పరీక్షల్లో 68 వారాలకు సగటున 15 శాతం దాకా తగ్గారు. కానీ ఆపేసిన ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. వాంతులు, పిత్తాశయంలో రాళ్లు లాంటి ఇబ్బందులూ ఉన్నాయి. డాక్టరు చూసి, రాసిచ్చి, మధ్యమధ్యలో పరీక్షలు చేయిస్తేనే వాడాలి.

వదిన ఇప్పుడు రాత్రి అన్నం సగం చేసి కూర, పప్పు పెంచింది, పొద్దున్న చోడి (రాగి) అంబలి తాగుతోంది, సాయంత్రం నడుస్తోంది. ఆరు నెలలకి నాలుగు కిలోలు తగ్గింది. పెళ్లికి అందలేదు, అయినా తనకి బాధ లేదు.

ఒక్క మాట. మీ ఇంట్లో అలాంటి డబ్బా ఉంటే ఇవాళే వాడడం ఆపండి, కానీ పారేయకండి. డాక్టరు దగ్గరకి పట్టుకెళ్లండి. వదిన భయంతో చెత్తలో పడేసింది. ఆ బిళ్లల్లో ఏముందో మాకు ఇప్పటికీ తెలియదు.