చిప్పు నిర్దోషి: స్విచ్ కౌంటర్లను ఆలస్యం చేస్తున్నది మన చీటీలే

నెట్‌వర్క్ స్విచ్‌లను నడిపే సోనిక్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను మైక్రోసాఫ్ట్ 2016లో అందరికీ తెరిచి ఇచ్చింది. దానితో నడిచే స్విచ్‌ను రీబూట్ చేస్తే, ఎన్ని ప్యాకెట్లు వెళ్లాయో లెక్క చెప్పే కౌంటర్లు కనిపించడానికి నిమిషాలు పడుతున్నాయి. ఆ తప్పు ఎవరిదన్న తగవులో నేను నేరుగా తీర్పు చెబుతున్నాను: చిప్పు నిర్దోషి. "ప్రాసెసర్ చిన్నది, చిప్పు మందకొడిది" అని వాదించేవారిని చూస్తే నాకు ఆడలేక మద్దెల ఓడన్న సామెతే గుర్తుకు వస్తుంది.

64 పోర్టుల స్విచ్‌ను తీసుకోండి. పోర్టుకు 8 క్యూలు (ప్యాకెట్లు వేచి ఉండే వరుసలు) అనుకుంటే క్యూలే 512 అవుతాయి. విడివిడి పద్ధతిలో, సోనిక్‌లో ఆదేశాలు జారీ చేసే ఆర్చ్‌ఏజెంట్ అనే ప్రోగ్రాం ఒక్కో క్యూకు ఒక్కో రికార్డును, అంటే ఒక్కో చీటీని, రెడిస్ అనే డేటా నిల్వలోని ఫ్లెక్స్ కౌంటర్ డేటాబేసులో రాస్తుంది. అవతల చిప్పుతో మాట్లాడే సింక్‌డీ అనే ప్రోగ్రాం ఆ రికార్డులను ఒక్కొక్కటిగా అందుకుని, వర్చువల్ ఐడీ (సాఫ్ట్‌వేర్ వాడే మారుపేరు) వెనుక ఉన్న, చిప్పుకు తెలిసిన అసలు ఐడీని వెతికి, అడిగిన కౌంటర్లను చిప్పు ఇవ్వగలదో లేదో చూసుకుని, అప్పుడు గానీ ఆ క్యూను పోలింగ్ జాబితాలో, అంటే పదే పదే లెక్క చదవవలసినవాటిలో, చేర్చదు. ఉప్పుకు ఒకసారి, పప్పుకు ఒకసారి, చింతపండుకు ఇంకోసారి కిరాణా కొట్టుకు పరుగెత్తి, చివరికి కొట్టువాడిని తిట్టడం ఏం న్యాయం? 512 క్యూలకూ కావలసిన కౌంటర్ల జాబితా ఒకటే అయినప్పుడు, ఐడీలన్నింటినీ ఒకే చీటీ మీద రాసి పంపితే సరిపోతుంది. బ్యాచింగ్ అంటే అంతే.

నాకు అసలు కోపం తెప్పించింది వేరే ఉంది. కౌంటర్లను మేల్కొలిపే స్క్రిప్టు, యంత్రం లేచి 5 నిమిషాలు కాలేదని గమనిస్తే 180 సెకన్లు నిద్రపోయేలా రాశారు. ఫాస్ట్ రీబూట్ అనే వేగవంతమైన రీబూట్‌లో డేటా ప్రవాహం 30 సెకన్లకు మించి ఆగకూడదు కనుక ముందు రూట్లు (ప్యాకెట్ల దారులు), తరువాతే లెక్కలు అన్నది సమంజసమే. అయితే ఆ 180 సెకన్ల దుప్పటి కింద చీటీల జాతర ఇన్నేళ్లూ హాయిగా దాక్కుందనీ, నిద్ర ముగిశాక ఎంత సమయం పోతోందో చాలామంది కొలవనే లేదనీ నా గట్టి అనుమానం.

అలాగని మొత్తం సంతను ఒకే బండికి ఎక్కించమని నేను అనడం లేదు. మరీ పెద్ద బ్యాచ్ చిప్పును పట్టుకుని కూర్చుంటే, సెకనుకొకసారి జరగవలసిన పోర్టుల పోలింగ్ దాని వెనుక వేచి ఉండవలసి వస్తుంది, కాబట్టి బ్యాచ్‌ను ముక్కలు చేసే వీలు ఉండి తీరాలి.

నన్ను తప్పు పట్టదలచినవారు ముందు ఒక పని చేయండి: ఆ స్క్రిప్టు నిద్ర లేచిన క్షణానికీ, చివరి క్యూ లెక్క కనిపించిన క్షణానికీ మధ్య ఎన్ని సెకన్లు గడిచాయో కొలిచి, ఆ అంకెతో కామెంట్లలోకి రండి.