డైస్‌కి పక్షపాతం ఎక్కడుంటుంది?

(విజయనగరంలో ఇంటర్ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పైడితల్లి జాతరలో పిల్లలు లూడో కొనిపించుకుంటారు, ఇంటికొచ్చాక పెద్దలు కూడా ఆడతారు. కాసేపటికి ఎవరో ఒకరు గోల మొదలెడతారు: “ఈ డైస్‌కి ఆరే పడట్లేదు, మార్చండి!” ఆ గోలలో నిజమెంతో చూద్దాం.

చవక డైస్ కోసం కరిగిన ప్లాస్టిక్‌ని ఒత్తిడితో అచ్చులోకి ఎక్కిస్తారు. చల్లారేటప్పుడు అది కుంచించుకుపోతుంది, ఒక్కోసారి లోపల బుడగ మిగిలిపోతుంది. తర్వాత డ్రమ్ములో వేసి దొర్లించి నునుపు చేస్తారు. మూలలు గుండ్రంగా అరిగేది అక్కడే. అన్నీ ఒకేలా అరగాలని ఏమీ లేదు. ఇక చుక్కలంటే గుంటలే కదా. ఆరు వైపు ఆరు గుంటలు, దానికి ఎదురు ముఖం మీద ఒక్కటే. ఆ లెక్కన ఆరు వైపు తేలిక కాబట్టి, అదే కాస్త ఎక్కువసార్లు పైకి రావాలి. గోల పెట్టేవాళ్లకి ఇది మింగుడుపడదు!

వెల్డన్ అనే ఇంగ్లిషు జీవశాస్త్రవేత్త 12 పాచికలను 26,306 సార్లు వేసిన లెక్క 1894లో రాసిపెట్టాడు. అయిదు, ఆరు కలిపి 1,05,224 సార్లు పడాలి. పడింది 1,06,602 సార్లు. ఇంత చిన్న తేడా అదృష్టం కొద్దీ వచ్చిందేమో అనిపిస్తుంది. 1900లో కార్ల్ పియర్సన్ అనే గణాంక శాస్త్రవేత్త, తేడా అదృష్టం కొద్దీ వచ్చిందా లేదా అని చూసే తన కై-స్క్వేర్ పరీక్షను ఇదే లెక్క మీద ప్రయోగించి, కాదని తేల్చాడు. నేరం గుంటల మీద పడింది.

నాకు బాగా నచ్చిన భాగం ఇప్పుడొస్తుంది. 2009లో షికాగోలో అదే ప్రయోగాన్ని యంత్రంతో, కెమెరాతో మళ్లీ చేశారు. ఈసారి ఆరుతోపాటు ఒకటి కూడా ఎక్కువ పడింది. గుంటలే కారణమైతే ఒకటి తగ్గాలి కదా? కొలిచి చూస్తే, ఒకటికీ ఆరుకీ మధ్య మందం మిగతా రెండు వైపుల కన్నా 0.2 శాతం తక్కువ. రూపాయి బిళ్ల అంచు మీద కాకుండా వెడల్పు మీద పడినట్టే ఇదీను. బరువు కన్నా ఆకారమే పెద్ద దోషి అన్నమాట.

కాసినోల వాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. వాళ్ల డైస్ పారదర్శకంగా ఉంటుంది, అంచులు పదునుగా ఉంటాయి, చుక్కల గుంటల్ని అంతే సాంద్రత ఉన్న పదార్థంతో నింపి సమం చేస్తారు. 19 మిల్లీమీటర్ల ఘనంలో తేడా 0.013 మిల్లీమీటరు దాటనివ్వరు. అక్కడ డబ్బు చెల్లించేది ఈ లెక్కల మీదే మరి.

మన అష్టాచెమ్మా గవ్వలు చూడండి. ఏ రెండు గవ్వలూ ఒకలా ఉండవు, వెల్లకిలా బోర్లా సమానంగా పడవు. అయినా మామ్మలెవరూ అభ్యంతరం పెట్టలేదు. అవే గవ్వలు అందరి చేతుల్లోకీ వెళ్తాయి కాబట్టి లాభమైనా నష్టమైనా అందరిదీ. లూడోలోనూ అంతే. ఎవరి డైస్ వాళ్లు తెచ్చుకున్నా, దాని వంకర ఒక్కరికే తెలిసి పందెం కాసినా అప్పుడు మోసం.

డైస్‌ని ఉప్పునీళ్లలో తేల్చి చూసే పరీక్ష ఒకటుంది. అది బరువు తేడానే చెబుతుంది, మందం చెప్పదు. 16 మిల్లీమీటర్ల డైస్‌లో 0.2 శాతమంటే సుమారు 0.03 మిల్లీమీటరు. మీ ల్యాబ్‌లో వెర్నియర్‌కి అది దొరకదు, స్క్రూగేజీకి దొరుకుతుంది. లెక్చరర్‌ గారిని అడిగి, మూడు వైపులా కొలిచి రాసుకోండి.