నేల ముందు, పట్టాలు తర్వాత

అందరికీ నమస్కారం. ఇంట్లో మోడల్ రైలు వేసుకున్నవాళ్లు, వేద్దామని చూస్తున్నవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. ఇవాళ ఇంజన్ల జోలికీ వైరింగ్ జోలికీ పోను. పట్టాలకు అటూ ఇటూ ఉండే నేల గురించే మాట్లాడతాను.

నిజం రైలుమార్గం ఎక్కడైనా సరే, అక్కడ నేల ముందునుంచీ ఉంది. రైలు తర్వాత వచ్చింది. కొండ అడ్డొస్తే తొలిచారు, వాగొస్తే వంతెన కట్టారు, పల్లమొస్తే కట్ట పోశారు. మన లేఅవుట్‌లో, అంటే బల్ల మీద మనం కట్టే మోడల్ రైలుమార్గంలో, జరిగేది దీనికి తలకిందులు. ముందు పట్టాలు పరిచేసి, ఖాళీ మిగిలిన చోట కొండ నిలబెడతాం. చూసేవాళ్లు అది ఇట్టే పట్టేస్తారు. చదునైన బల్ల మీద సొరంగం కోసమే ఒక గుట్ట కనిపిస్తే, ‘రైలు పక్కనుంచి పోవచ్చు కదా’ అనిపించక మానదు.

అందుకే నా పట్టుదల ఒక్కటే: పట్టాల కన్నా కిందికి కూడా నేల ఉండాలి. గట్టి ఫోమ్ షీట్లు రెండు మూడు పొరలు అతికించి, పై పొర మీద పట్టాలు వేయండి. పక్కన కత్తితో కోస్తే వాగు, లోయ, కట్ట వాలు అన్నీ వస్తాయి. అమెరికాలో జాన్ అలెన్ అనే ఫొటోగ్రాఫర్ తన ఇంటి బేస్‌మెంట్‌లో కట్టిన లేఅవుట్‌లో కొండలు గది నేల నుంచి మొదలై పైకప్పు దాకా వెళ్లేవి. 1973లో ఆయన పోయిన కొద్దిరోజులకే అది అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఫొటోలు మిగిలాయి, తప్పకుండా చూడండి.

కొలత దగ్గర కొంచెం ఆగుదాం. మోడళ్ల కొలతల్లో హెచ్‌ఓ స్కేల్ అంటే నిజం సైజులో 87వ వంతు. పదిహేను మీటర్ల చెట్టు 17 సెంటీమీటర్లు రావాలి. మనలో చాలామంది పెట్టే చెట్లు అందులో సగం కూడా ఉండవు. అదే లెక్కన 870 మీటర్ల కొండకి పది మీటర్ల ఎత్తు కావాలి! ఎవరింట్లోనూ కుదరదు. కాబట్టి కొండ పాదం మాత్రమే కట్టి, మిగతాది వెనక గోడ మీద పెయింట్ చేయడం మేలు. దూరం పోయేకొద్దీ రంగు పలచబడి నీలంలోకి తిరగాలి.

ఇక కంకర. లేఅవుట్‌కి నిజం రూపం వచ్చేది ఇక్కడే, ఓపిక పోయేదీ ఇక్కడే. చెంచాతో కొద్దికొద్దిగా పోసి, మెత్తటి బ్రష్‌తో స్లీపర్ల మధ్యకి, అంటే పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మెల మధ్యకి, సర్దండి. స్లీపర్ల పైన ఒక్క గింజ కూడా ఉండకూడదు. పట్టాల లోపలి అంచున అసలే ఉండకూడదు, చక్రం ఎక్కి రైలు పడిపోతుంది. తర్వాత నీళ్లలో రెండు చుక్కల డిష్ సోప్ వేసి సన్నగా స్ప్రే చేయాలి. ఒట్టి నీళ్లయితే చుక్క ముత్యంలా గింజల మీదే నిలబడి, దొర్లుతూ గుంటలు చేస్తుంది. సోప్ కలిస్తే ఆ చుక్క కంకరలోకి జారిపోతుంది. అప్పుడు నీళ్లు కలిపిన తెల్ల జిగురు డ్రాపర్‌తో వేస్తే, తడి దారిలోనే అడుగుదాకా దిగుతుంది. రైలు ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మారే పాయింట్ల దగ్గర మాత్రం కదిలే భాగానికి జిగురు తగలనివ్వకండి. ఆరకముందే పట్టాల పైభాగం తుడిచేయండి. ఒక రాత్రంతా ముట్టుకోవద్దు.

మట్టి విషయానికొస్తే, నిజం మట్టిని మించింది లేదు. ఎండబెట్టి, సన్నటి జల్లెడ పట్టి, ఒకసారి అయస్కాంతం తిప్పండి. ఇనుప రజను ఉంటే ఇంజన్ మోటార్‌లోకి లాగేసుకుంటుంది. గడ్డి ఒకే పచ్చరంగు వేయకండి. ఎండుగడ్డి రంగు కలిపితేనే కంటికి ఆనుతుంది. రంగులు ఎప్పుడూ లేఅవుట్ ఉన్న గదిలో, అక్కడి లైటు కిందే చూసి ఎంచుకోండి.

సొరంగం కట్టేవాళ్లు ప్లాస్టర్ పోయకముందే మీ దగ్గరున్న అతి పొడవాటి బోగీని చేత్తో తోసి చూడండి. వంపులో బోగీ నడుము లోపలికి, కొసలు బయటికి వస్తాయి. గోడకి రాసుకుంటే ఇప్పుడైతే కోసేయొచ్చు. వెనకవైపు చెయ్యి పట్టేంత కిటికీ వదలడం కూడా మరవద్దు. రైలు పట్టాలు తప్పేది తరచూ చెయ్యి అందని చోటే.

ఈ బల్ల మీద చిన్న ముక్క పట్టా, కంకర, డ్రాపర్ పెట్టాను. దగ్గరికి రండి, జిగురు ఎలా దిగుతుందో చూపిస్తాను.