తాళంచెవి చేతికి అందాలి

అధ్యక్షులకు, సంఘ పెద్దలకు, స్త్రీల మైత్రి సోదరీమణులకు వందనాలు. వీలునామా గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. వీలునామా రాసే వ్యవధి లేనివారి సంగతి ముందుగా చెప్పనివ్వండి, మా మేనత్త అలాగే వెళ్ళిపోయింది.

మన క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టంలో 191వ సెక్షన్ ఉంది. జబ్బుపడి, ఆ జబ్బుతోనే త్వరలో పోతానని తలచిన మనిషి, ‘నేను పోతే ఇది నీదే’ అని చరాస్తిని మరొకరి స్వాధీనం చేసి, ఆ జబ్బుతోనే మరణిస్తే, ఆ దానం చెల్లుతుంది. కోలుకుంటే చెల్లదు, పుచ్చుకున్నవారు ముందే మరణించినా చెల్లదు, ఇచ్చినవారు బ్రతికుండగా వెనక్కి తీసుకోవచ్చు. ఇల్లు, పొలం మాత్రం ఈ దారిన ఇవ్వడానికి లేదు.

మా మేనత్త గుంటూరులో నర్సుగా పనిచేసింది. ఆఖరి రోజుల్లో తన నగలను మూడు మూటలు కట్టి, ఒక్కొక్క దానిమీద ఒక్కొక్క పేరు రాసి, పెట్టెలో పెట్టి, తాళంచెవి దిండు కింద ఉంచుకుంది. వాటిలో ఒకటి, రక్తసంబంధం లేకపోయినా తొమ్మిదేళ్ళు తనకు సేవ చేసిన అమ్మాయిది. ‘ఆ పిల్లను పిలువురా’ అని నన్నడిగితే, ‘ఇప్పుడు ఎందుకత్తా, నువ్వు లేచి తిరుగుతావు’ అన్నాను. నాలుగోనాడు ఆమె కన్నుమూసింది. బంధువులు పెట్టె తెరిచి, ఆమె చేతిరాత కళ్ళెదుట కనబడుతున్నా, మూడు మూటలూ తామే పంచుకున్నారు.

చాలాకాలం వారిమీద కోపంతోనే ఉన్నాను. తర్వాత ఆ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణలు చదివాను. పేర్లు రాసి విడివిడిగా కట్టిన మూటలు బ్రతికుండగా చేతికి అందకపోతే, ఆ పేర్లుగలవారికి హక్కు లేదని అందులో ఒకటి చెబుతోంది. దానికి ముందున్న ఉదాహరణలో, పెట్టెలోని వస్తువులను అధీనం చేయాలని తలచి తాళంచెవి ఇస్తే, పెట్టె, అందులోని వస్తువులు పుచ్చుకున్నవారివే. అంటే ఆ పిల్లను నేను పిలిచి ఉంటే, మేనత్త తన మూటను తానే ఆమె చేతిలో పెట్టి ఉండేది.

అమ్మలారా, మంచంమీది పెద్దలు ఏదైనా ఇస్తామంటే అపశకునమని వారి నోరు మూయకండి. ఇరుగుపొరుగులో ఇద్దరిని పిలిచి, వారి ఎదుట ఇప్పించండి. ఎవరికి, ఏ వస్తువు, ఎందుకు ఇస్తున్నారో వారి నోటనే చెప్పించండి. వీలునామా సంగతి భోజనాల తర్వాత చెబుతాను.