ఇంటి ఫోటోలకు ఒక పెట్టె

శ్రోతలకు నమస్కారం.

2021 జూన్ 1 నుంచి గూగుల్‌లో ఉచిత ఫోటోల ముచ్చట ముగిసింది. మెయిళ్లు, ఫైళ్లు, ఫోటోలు అన్నీ కలిపి 15 జీబీ, ఆ పైన నెలనెలా డబ్బు కట్టాలి. ఇంట్లో ఒక పెళ్లయినా, ఒకసారి మేడారం జాతరకు పోయొచ్చినా చాలు, ఆ 15 జీబీ నిండడానికి. అందుకే ఇంటిల్లిపాది ఫోన్లు, ల్యాప్‌టాప్‌లలో ఉన్నవన్నీ ఇంట్లోనే దాచుకునే సాధనం కోసం చాలామంది వెతుకుతున్నారు. దాన్ని నాస్ అంటారు. చిన్న పెట్టె, లోపల హార్డ్ డిస్కు. రౌటర్‌కు కేబుల్‌తో కలిపితే, మనం పడుకున్నాక వైఫై మీదుగా అన్నీ వాటంతటవే అందులోకి చేరతాయి.

దుకాణంలో మొదట చూపించేది రెండు డిస్కుల పెట్టె. ఒక డిస్కులో రాసింది అదే క్షణంలో రెండోదానిలోనూ పడుతుంది. హన్మకొండలో నాకు తెలిసిన ఒక పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ దీన్నే కొన్నాడు. స్టూడియో బల్ల కింద అట్టపెట్టెలో, మార్కర్‌తో పెళ్లి తేదీలు రాసిన పాత డిస్కులు కుప్పగా ఉండేవి. ఇప్పుడవన్నీ ఆ పెట్టెలోకి ఎక్కించాడు. వేరే కాపీ ఉందా అని అడిగితే, "రెండు డిస్కులున్నయ్ గద సార్, ఒకటి పోతే ఇంకోటి ఉంటది, ఇంక టెన్షన్ ఎందుకు?" అన్నాడు.

టెన్షన్ అక్కడే ఉంది. డిస్కు పాడైతే రెండోది ఆదుకుంటుంది, నిజమే. కానీ పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపేస్తే రెండింటిలోనూ పోతుంది. ఏదైనా వైరస్ చొరబడి మన ఫైళ్లకు తాళం వేస్తే రెండింటికీ పడుతుంది. దొంగ ఎత్తుకుపోయినా, పిడుగు పడినా, నీళ్లొచ్చినా రెండూ ఒకే పెట్టెలో ఉన్నాయి కదా. 2023 జూలై చివరి వానలు మన ఊరివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. ఇక్కడ హన్మకొండ నయీంనగర్‌లో, హంటర్ రోడ్డులో నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. కింది అంతస్తులో నేల మీద పెట్టిన పెట్టెలో ఒక డిస్కున్నా నాలుగున్నా ఆ రోజు తేడా ఏమీ ఉండదు.

కాబట్టి చేతిలో డబ్బు తక్కువగా ఉంటే నా సలహా ఇది. ఒక్క డిస్కు పట్టే పెట్టె కొనండి. మిగిలిన డబ్బుతో యూఎస్‌బీ హార్డ్ డిస్కు ఒకటి తీసుకోండి. దాన్ని నెలకోసారి పెట్టెకు తగిలించి కాపీ చేసి, కరీంనగర్‌లోని అక్క ఇంట్లోనో, పక్క వీధిలోని చిన్నమ్మ ఇంట్లో బీరువాలోనో ఉంచండి. రెండు డిస్కుల పెట్టె అనేది పని ఆగకూడని వాళ్లకు. రేపు ఆల్బమ్ ఇవ్వాల్సిన స్టూడియోకు అది కావాలి. రెండు రోజులు పాత ఫోటోలు కనబడకపోతే ఇంట్లో మనకేం నష్టం లేదు.

ఇంకా తక్కువలో కావాలంటే రౌటర్ వెనక యూఎస్‌బీ రంధ్రం ఉందేమో చూడండి. దానికే డిస్కు తగిలిస్తే నిదానంగానైనా పని నడుస్తుంది. పాత డెస్క్‌టాప్‌లో ఓపెన్ మీడియా వాల్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకునేవాళ్లూ ఉన్నారు. పెట్టుబడి లేదు కానీ కరెంటు బిల్లు ఉంది. 20 వాట్ల చిన్న పెట్టె రోజంతా నడిస్తే నెలకు 14, 15 యూనిట్లు. 60 వాట్లు లాగే డెస్క్‌టాప్‌కు 43 దాటుతుంది.

పెట్టె ధరలో మామూలుగా డిస్కు ఉండదు, దాన్ని విడిగా కొనాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని డిస్కుల్లో డేటా వరుసలు గూన పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి పరుచుకుని ఉంటాయి. ఒక వరుస మార్చాలంటే పక్కవి కూడా తిరగరాయాలి, అందుకని బాగా నెమ్మదిస్తాయి. వీటిని ఎస్ఎంఆర్ అంటారు. వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ డిస్కుల్లో కొన్నింటిని చెప్పకుండా ఇలా అమ్మిందని 2020లో పెద్ద గొడవే అయింది. వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా విడివిడిగా ఉండేవి సీఎంఆర్. మీరు ఆ పేరు చెప్పి అడిగి తీసుకోండి. రెడ్ ప్లస్, సీగేట్ ఐరన్‌వోల్ఫ్ ఆ రకానివే, మూడేళ్ల వారంటీ ఉంటుంది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి పోయి కొంటే బిల్లు అడగండి, సీరియల్ నంబరు కంపెనీ సైట్‌లో చూసుకున్నాకే కాజీపేట రైలెక్కండి. ఇంటికొచ్చాక 4 టీబీ డిస్కు 3.6 అని చూపిస్తే షాపువాడిని తిట్టకండి. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, కంప్యూటర్ 1024తో.

పెట్టె, రౌటర్ రెండింటికీ గిగాబిట్ పోర్టు, అంటే 1000 ఎంబీపీఎస్ వేగంతో నడిచే కేబుల్ రంధ్రం ఉండాలి. 1 టీబీ కాపీ కావడానికి కేబుల్ మీద రెండున్నర గంటలు చాలు. పాత 100 ఎంబీపీఎస్ రౌటర్ అయితే ఒక రాత్రీ పగలూ పడుతుంది.

మన ఎండాకాలంలో పెట్టెను బీరువాలోనో సజ్జ మీదనో మూసిపెడితే డిస్కు ఉడికిపోతుంది. గాలి ఆడేచోట, నేలకు ఎత్తుగా పెట్టండి. చిన్న యూపీఎస్ ఉంటే కరెంటు పోయినప్పుడు డిస్కు సగం రాతలో ఆగిపోదు.

బయట నుంచి ఫోన్‌లో చూసుకోవచ్చనే సదుపాయం సెట్టింగుల్లో ఉంటుంది. దాన్ని ఆపేయండి. 2021 ఏప్రిల్‌లో ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న క్యూనాప్ కంపెనీ నాస్ పెట్టెల్లోకి క్యూలాకర్ అనే దుండగుల సాఫ్ట్‌వేర్ చొరబడి, ఫైళ్లకు పాస్‌వర్డ్ వేసి, విప్పాలంటే 0.01 బిట్‌కాయిన్ అడిగింది. ఎక్కడో కూర్చుని పెళ్లి వీడియో చూడాలన్న సరదాకు అంత రిస్కు అక్కర్లేదు.

అంతా అయ్యాక ఒక ఫోటోను ఫోన్‌లో చెరిపి, పెట్టెలోంచి తిరిగి తెచ్చుకుని చూడండి. రాకపోతే సెట్టింగులు అప్పుడే సరిచేసుకోవచ్చు. ఇవన్నీ అమర్చేది సాధారణంగా ఇంట్లో కొడుకో కూతురో, ఆర్నెల్లకు వాళ్లు ఉద్యోగానికి హైదరాబాద్ పోతారు. అడ్మిన్ పాస్‌వర్డ్, యూఎస్‌బీ డిస్కు ఎవరింట్లో ఉందో ఒక కాగితం మీద రాయించుకుని, రేషన్ కార్డు పెట్టే ఫైల్లోనే పెట్టుకోండి.

నమస్కారం.