చెల్లుకు చెల్లు కుదరని లెక్క

అందరికీ నమస్కారం. ఆహ్వానపత్రంలో నా పేరు పక్కన ‘వ్యాపార నీతి నిపుణులు’ అని వేశారు. అంత మాట నాకు బరువు. ముప్పై ఏళ్ళు దాటి ఆడిటర్‌గా పనిచేసినవాణ్ణి. నీతి తప్పినప్పుడు అది లెక్కల్లో ఎక్కడ బయటపడుతుందో కొంచెం తెలుసు, అంతే.

ముందు ఒక ప్రశ్న. మీలో ఎవరైనా, మీ ఇంట్లోవాళ్ళైనా, ఎప్పుడైనా 108కి ఫోన్ చేశారా? చేతులెత్తండి. చూశారా, సగం హాలు లేచింది. అర్ధరాత్రి పురిటి నొప్పులు, హైవే మీద యాక్సిడెంటు, పొలంలో పాము కాటు. ఆ బండి కూత వినపడితే ప్రాణం లేచొచ్చిన ఇళ్ళు మన దగ్గర లక్షల్లో ఉంటాయి. ఆ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. మొదలుపెట్టిన ఈఎమ్ఆర్ఐ సంస్థ వెనక ఉన్నది సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు గారి కుటుంబం. ఊళ్ళలో మంచినీరు, చదువు, వైద్యం చూసే ఫౌండేషన్ కూడా వాళ్ళకు అప్పటికే ఉంది. చట్టం అడగకముందే చేసిన పనులివి.

ఆ చేతులే 2009 జనవరి 7న బోర్డుకి ఒక ఉత్తరం రాశాయి. బ్యాలెన్స్ షీట్‌లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేవు అని. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు నిర్వహణ లాభం 649 కోట్లుగా ప్రకటించారు. ఉత్తరం ప్రకారం అసలు లాభం 61 కోట్లు. ఆదాయం కూడా 2,112 కోట్లయితే 2,700 కోట్లన్నారు. మొదట్లో చిన్న తేడాగా మొదలైంది ఏటేటా పెరిగిందనీ, పులి మీద స్వారీలా దిగే దారి లేకపోయిందనీ ఆయనే రాసుకున్నారు. ఆ రోజుకి సత్యంలో ఉద్యోగులు యాభై వేలకు పైమాటే. వాళ్ళలో మన జిల్లాల నుంచి వెళ్ళిన పిల్లలు ఎందరో. సంక్రాంతికి వారం ముందు. ఆ పండక్కి ఎన్ని ఇళ్ళలో అరిసెలు వండలేదో నాకు తెలుసు. మా వీధిలోనే రెండిళ్ళు.

ఇలాంటి చోట మనవాళ్ళు వెంటనే అనే సామెత ఒకటుంది: గోవును చంపి చెప్పులు దానం చేసినట్టు అని. నేనూ అప్పట్లో అన్నాను. తర్వాత ఆలోచిస్తే ఆ సామెత ఇక్కడ సరిపోదనిపించింది. ఆ చెప్పులు మంచి చెప్పులు. వేసుకున్నవాళ్ళ కాళ్ళు నిజంగానే కాలకుండా కాపాడాయి. 108 నాటకం కాదు. అందులో నిర్వహణ ఖర్చు చాలామటుకు ప్రభుత్వ ఖజానా నుంచే వచ్చేదన్న సంగతి కూడా చెప్పుకోవాలనుకోండి. అయినా ఆలోచన గొప్పది, అమలు గొప్పది. 2009లో యాజమాన్యం జీవీకే చేతికి మారినా బండి ఆగలేదు.

మరి ఆ మంచిని ఈ మోసానికి ఎదురు జమ వేయొచ్చా? మా లెక్కల్లో మీరు నాకు వెయ్యి ఇవ్వాలి, నేను మీకు వెయ్యి ఇవ్వాలి అంటే చెల్లుకు చెల్లు. కానీ దానికి ఒక షరతుంది. ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు ఆ ఇద్దరే అయ్యుండాలి. షేర్ కొని రిటైర్మెంట్ డబ్బు పోగొట్టుకున్న మాస్టారు వేరు, అంబులెన్స్ ఎక్కి బతికిన రైతు వేరు. ఈ ఖాతాలో అప్పు ఆ ఖాతాలో జమతో తీరదు. ఫస్టియర్ బీకాం పిల్లాడికి తెలిసిన ఈ సంగతి, కంపెనీ దానధర్మాల దగ్గరికి వచ్చేసరికి పెద్దపెద్దవాళ్ళే మరిచిపోతారు. సత్యానికి 2008లో కార్పొరేట్ గవర్నెన్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు, తర్వాత వెనక్కి తీసుకున్నారు. ఆ డిసెంబరు 16న, రాజు గారి సొంత కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనే ప్రతిపాదనకు బోర్డు ఏకగ్రీవంగా ఊ కొట్టింది. ఆ బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసరున్నారు, హైదరాబాద్ బిజినెస్ స్కూలు ఐఎస్‌బీ డీనున్నారు. అడ్డుపడింది వాళ్ళు కాదు, మదుపుదార్లు. గంటల్లోనే కొనుగోలు వెనక్కి పోయింది. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులు పెట్టే ఆఖరి ప్రయత్నం అదేనని ఉత్తరంలో ఒప్పుకున్నారు. మేటాస్ ఇంగ్లీషు స్పెల్లింగ్‌ని (Maytas) తిరగేసి చదివితే సత్యం (Satyam) అని వస్తుంది. పేరులోనే చెప్పారు పాపం, మనమే చదువుకోలేదు.

మరి లేని డబ్బు ఉన్నట్టు ఇన్నేళ్ళు ఎలా కనిపించింది? ఇక్కడ నా ఆర్టికల్ షిప్ రోజులు, అంటే ఆడిటర్ దగ్గర శిక్షణలో ఉన్న రోజులు, చెప్పాలి. ఒక చిన్న ఊళ్ళో ఒక మిల్లు ఆడిట్‌కి వెళ్ళాను. క్యాషియర్ గారు కాఫీ తెప్పించి, బ్యాంకు బ్యాలెన్స్ సర్టిఫికెట్ నా చేతిలో పెట్టారు. మేనేజర్ సంతకం, రబ్బరు స్టాంపు, అన్నీ ఉన్నాయి. గర్వంగా తెచ్చి మా సారు ముందు పెట్టాను. ఆయన కాగితం వంక చూడలేదు, నా వంక చూశారు. “ఇది బ్యాంకు నుంచి వచ్చిందా, వాళ్ళ బీరువాలోంచి వచ్చిందా?” అన్నారు. మర్నాడు బ్యాంకుకి మా ఆఫీసు నుంచే ఉత్తరం వెళ్ళింది, జవాబు నేరుగా మా ఆఫీసుకే రావాలని రాసి. తేడా ఏమీ లేదు, పైసాతో సహా సరిపోయింది. అయినా ఆ ప్రశ్న నాకు ఇవాళ్టికీ గుర్తే. బ్యాంకు నిల్వ ఎంతో బ్యాంకునే అడగాలి. ఇంత చిన్న పని. సత్యం ఆడిట్‌లో ఈ పనిని సరిగ్గా చేయనందుకే, ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయ సంస్థల మీద అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2011లో 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది.

ఇక చట్టం. ఇది మీ పుస్తకాల్లో ఉంటుంది కనక త్వరగా దాటేస్తాను. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు, ఆపైన ఉన్న కంపెనీ, గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. దీన్నే సీఎస్ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత, అంటారు. పార్టీలకిచ్చే చందాలు అందులోకి రావు. తమ ఉద్యోగుల కోసమే చేసే ఖర్చూ రాదు. ఖర్చు పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో బోర్డు చెబితే సరిపోయేది మొదట్లో. 2021 నుంచి మిగిలిన డబ్బును నిర్ణీత ఖాతాకో నిధికో బదిలీ చేయాల్సిందే, లేకుంటే జరిమానా.

మంచి చట్టమే. బోర్లు, బడి గదులు, డయాలసిస్ మిషన్లు, ఎన్నో వచ్చాయి. కానీ చట్టం 2 శాతం ఎంతో లెక్క అడుగుతుంది, ఆ లాభం ఎలా వచ్చిందో ఆ సెక్షన్ అడగదు. సత్యం రోజుల్లో ఈ సెక్షన్ ఉండుంటే, వాళ్ళు లేని లాభం మీద కూడా 2 శాతం లెక్క కట్టి పంచి, చప్పట్లు కొట్టించుకునేవాళ్ళు. రాని లాభం మీద ఆదాయపు పన్నే కట్టారు మరి!

డబ్బు చేరిన చోట ఏమవుతుందో కూడా చెబుతాను. నేను ఖాతాలు చూసిన ఒక చిన్న ట్రస్టు ఉండేది, మూగ, చెవిటి పిల్లల బడి. ఒక కంపెనీ తరఫున అని ఒక మధ్యవర్తి వచ్చాడు. “మీ పేరున చెక్కు ఇప్పిస్తాం. మూడొంతులు నగదుగా వెనక్కివ్వండి, బిల్లులు మేమే సర్దుతాం” అన్నాడు. బడి నడిపే అమ్మగారు నన్ను అడిగారు, “నాలుగో వంతైనా పిల్లలకి బియ్యమొస్తాయి కదండీ?” అని. వద్దన్నాను. ఆ నెల బియ్యం అప్పుకి తెచ్చుకున్నారు. ఆ అప్పు తీర్చడానికి నేనేమీ చేయలేదు, ఫీజు మటుకు తీసుకోలేదు. వద్దనడం నాకు సుళువు, ఆవిడకు కాదు. ఈ మాట దాచిపెట్టి మీకు నీతి చెప్పలేను.

విశాఖపట్నం గుర్తుందా? 2020 మే 7, తెల్లవారుజాము. ఆర్ఆర్ వెంకటాపురం పక్కన ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి లీకై పన్నెండు మంది చనిపోయారు. ట్యాంకు పైభాగాన ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు లేదనీ, సైరన్ మోగించలేదనీ రాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చింది. ఒక థర్మామీటరు, ఒక సైరన్. ఇవి సీఎస్ఆర్ పద్దులోకి రావు, మామూలు వ్యాపార ఖర్చులోకే వస్తాయి. అందుకే వాటికి రిబ్బన్ కటింగ్ ఉండదు, వార్షిక నివేదికలో నిగనిగలాడే ఫొటో ఉండదు. ఊరికి కంపెనీ ఏమిచ్చిందని అడిగే ముందు, ఊరి పక్కన ఏం నిల్వ పెట్టిందని అడగాలి.

మళ్ళీ సత్యం దగ్గరికే వస్తాను, ఎందుకంటే మీరు రేపు కూర్చోబోయే కుర్చీలు అక్కడ ఉన్నాయి. సీబీఐ లెక్క ప్రకారం అక్కడ దొంగ ఇన్వాయిస్‌లు ఏడున్నర వేల పైచిలుకు. కంపెనీ అంతటికీ కనపడకుండా వాటిని దాచే ఏర్పాటు కంప్యూటర్లోనే ఉంది. ఏడున్నర వేల ఇన్వాయిస్‌లు ఛైర్మన్ గారు కూర్చుని టైపు చేయరు కదా. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పదిమందికి ఏడేళ్ళ జైలు వేసింది. తర్వాత అప్పీలు మీద బెయిలు వచ్చింది, అది వేరే సంగతి. ఆ పదిమందిలో ఫైనాన్స్ విభాగంలో పనిచేసినవాళ్ళున్నారు, ఇంటర్నల్ ఆడిట్ పెద్ద ఉన్నారు. మొదటి దొంగ ఇన్వాయిస్ చేసిన రోజున వాళ్ళలో ఎవరో ఒకరు సాయంత్రం ఇంటికెళ్ళి మామూలుగా అన్నం తినే ఉంటారు. పైవాడు చెప్పాడు, ఈ క్వార్టర్ ఒక్కటే, వచ్చే క్వార్టర్‌కి సర్దేద్దాం అనుకునే ఉంటారు.

వెనక వరసలో ఒకబ్బాయి ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉన్నాడు. ఏం బాబూ, పైవాడు చెబితే ఏం చేయాలనేగా? మైకు ఇటివ్వండి, ముందు అతని మాట విందాం.