అమ్మకి చెముడు రాలేదు, ఫోన్‌కి వచ్చింది

అక్క: హలో హలో... రికార్డ్ అవుతోందా ఇది? ఆ, అవుతోంది. అందరికీ నమస్తే. ఈసారి ఫోన్ సౌండ్ గురించి, ఎందుకంటే పది రోజుల్నుంచి మా ఇంట్లో ఇదే గోల. అమ్మకి ఫోన్లో ఎవరి మాటా వినపడట్లేదు, వినపడక తను అరుస్తుంది, ఆ అరుపులకి పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి ఏమైందండీ అని అడిగింది. చెవుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళమని నాతో అనేసింది కూడా. ఇదిగో మా తమ్ముడు, విజయవాడలో మొబైల్ రిపేర్ షాపులో...

తమ్ముడు: ఆరేళ్ళయింది అక్కా చేరి.

అక్క: ఆరేళ్ళు! అయినా అమ్మ వీడికి చెప్పకుండా ఇంకో షాపుకెళ్ళింది.

తమ్ముడు: పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా. ఆ షాపాయన ఫోన్ విప్పకుండానే స్పీకర్ పోయింది, 800 అవుద్ది అన్నాడంట. నేను వెళ్ళి ఒకటే అడిగా, అమ్మా, అసలు ఏ సౌండ్ తక్కువొస్తోంది, యూట్యూబ్‌లో సుప్రభాతం వినపడుతోందా అని. అది వీధి చివరిదాకా వినపడుతోంది అంది. మరి ఇంకేం, కింద స్పీకర్ బాగున్నట్టే కదా.

అక్క: అంటే ఫోన్‌కి స్పీకర్లు రెండుంటాయా?

తమ్ముడు: రెండు పార్టులు. పైన చెవి దగ్గర పెట్టుకునేది ఇయర్‌పీస్, కింద చార్జింగ్ పెట్టే చోటు పక్కన ఉండేదాన్ని మేం రింగర్ అంటాం. కొన్ని ఫోన్లలో స్టీరియో అని పాటలకి పైదాన్ని కూడా వాడతారు, అట్లాంటి ఫోన్లో పైది మూసుకుపోతే పాట కూడా ఒక పక్కకే వస్తుంది. జనం ఏం చేస్తారంటే సౌండ్ తగ్గిందన్నా అని ఫోన్ కౌంటర్ మీద పెట్టేస్తారు, కాల్‌లోనా పాటల్లోనా బ్లూటూత్‌లోనా అని మనం లాగాలి. అది తేలితే సగం పని అయిపోయినట్టే.

అక్క: సరే, అమ్మ ఫోన్‌కి ఏమైంది మరి?

తమ్ముడు: రెండు తప్పులు కలిశాయి. ఒకటి, కాల్ లేకుండా ఫోన్ ఖాళీగా ఉన్నప్పుడు వాల్యూమ్ బటన్ నొక్కుతోంది. అప్పుడు పెరిగేది పాటల సౌండ్. కాల్ సౌండ్ వేరేగా ఉంటుంది, అది కాల్ మాట్లాడుతూ ఉండగా నొక్కితేనే పెరుగుద్ది. చూస్తే కాల్‌లో రెండే గీతలు ఉన్నాయి!

అక్క: అయ్యో, పది రోజులు అరిచింది కదరా.

తమ్ముడు: రెండోది టెంపర్, అదే స్క్రీన్ మీద అంటించే గాజు. కొత్త టెంపర్ వేయించుకుంది, అది కాస్త పైకి జరిగింది. ఇయర్‌పీస్ ఉండేదే సన్న గీతంత సందు, అందులో సగం గాజు కిందకి పోయింది, మిగిలిన సగంలో పౌడరు, చెమట, జిడ్డు అన్నీ కలిసి గడ్డకట్టాయి. టెంపర్ పీకేసి మెత్తటి బ్రష్షు, పొడిది, ఫోన్ తలకిందులుగా పట్టుకుని నెమ్మదిగా గీశా, తెల్లగా రాలింది. అంతే, ఫోన్ విప్పిందే లేదు.

అక్క: నేనైతే పిన్నీసు పెట్టేదాన్ని.

తమ్ముడు: పిన్నీసు పెడితే అప్పుడు నిజంగానే 800 అవుద్ది. ఆ సందుకి జాలీ, అంటే సన్న వల ఉంటుంది, దాని వెనకే పల్చటి పొర ఉంటుంది, అది ఊగితేనే సౌండ్, సూది తగిలి చిరిగితే ఇంక మార్చుకోవడమే. నోటితో గట్టిగా ఊదితే తుంపర్లు లోపలికి పోతాయి, అదీ వద్దు. ఇంకోటి చెప్తా, ఆటోనగర్ నుంచి ఒకాయన వస్తాడు, లేత్ పని. ఆయన ఫోన్ ఆరు నెలలకోసారి మూగబోతుంది. లైటు కింద పెట్టి చూస్తే జాలీ మీద సన్న వెంట్రుకలు నిక్కబొడుచుకున్నట్టు ఉంటాయి.

అక్క: వెంట్రుకలా? ఫోన్‌కా?

తమ్ముడు: ఇనప రజను అక్కా. స్పీకర్ లోపల అయస్కాంతం ఉంటుంది కదా, షెడ్డులో గాల్లో తేలే రజనంతా లాక్కుంటుంది. దానికి బ్రష్షు పనిచేయదు, గీస్తే పక్కకి జరిగి మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. సెల్లో టేపు ముక్క అంటించి పీకాలి, పది పదిహేను సార్లు, టేపు నల్లగా అయ్యేదాకా. జాలీ దాటి లోపలికి పోయిందా, ఇంక మార్చడమే.

అక్క: పార్ట్ పోయిందో దుమ్ము పట్టిందో ఇంట్లో తెలుసుకునే దారి ఏమన్నా ఉందా, మీ షాపాళ్ళ మాట నమ్మడమేనా?

తమ్ముడు: శాంసంగ్ అయితే కాల్ చేసే దగ్గర *#0*# కొట్టు, టెస్ట్ పేజీ వస్తుంది, రిసీవర్ అని ఉన్నది నొక్కితే పైన చెవి దగ్గర బీప్ రావాలి, స్పీకర్ అని ఉన్నది నొక్కితే కింద. షావోమీకి *#*#6484#*#*. బీప్ గట్టిగా వస్తే పార్ట్ బాగుంది, తేడా సెట్టింగుల్లోనే. అప్పుడు బ్లూటూత్ చూడు, బ్యాగులో ఉన్న బడ్స్‌కి కలిసిపోయి ఉంటది. యాక్సెసిబిలిటీలో ఎడమ కుడి బ్యాలెన్స్ గీత ఒకటుంటది, పిల్లలు ఫోన్ తీసుకుని దాన్ని ఒక చివరకి లాగేస్తారు, అది మధ్యలోకి తేవాలి. అవతలోళ్ళ మైకు పాడైనా మనకి చిన్నగానే వినపడుద్ది, అందుకని ఇద్దరు ముగ్గురికి చేసి చూసుకోవాలి.

అక్క: మొన్న వర్షంలో తడిసిన ఫోన్‌ని మా ఆయన బియ్యం డబ్బాలో పెట్టాడు.

తమ్ముడు: బియ్యం వండుకోమను! ఆపిల్ వాళ్ళే వద్దని రాశారు, ఆ తవుడు, నూక లోపలికి పోతాయని. స్పీకర్ వైపు కిందకి పెట్టి తట్టి, గాలి తగిలేచోట వదిలేయాలి. ఇంక వాల్యూమ్ బూస్టర్ యాప్‌లు, నాకు ఒళ్ళు మండేది వాటితోనే. చిన్న స్పీకర్‌ని దాని శక్తికి మించి తోస్తే మాట పగిలినట్టు గరగరమంటుంది, లోపల కాయిల్ వేడెక్కుతుంది. రెండొందల శాతం అని రాసుకుంటాడు, యాడ్స్ మాత్రం నిజంగానే రెండొందలు.

అక్క: సరే నాదొకటి చూడు. పాటలు ఫోన్లో బాగానే వస్తాయి, బడ్స్ పెట్టుకుంటే ఫుల్ పెట్టినా నసుగుతాయి.

తమ్ముడు: ఐఫోన్ అయితే హెడ్‌ఫోన్ సేఫ్టీలో రెడ్యూస్ లౌడ్ ఆడియో ఆన్ అయిందేమో చూడమంటా, 85 డెసిబెల్స్ దగ్గర ఆపేస్తుంది, చెవులకి మంచిదేలే. నీది ఆండ్రాయిడ్. అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు కొట్టు, డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి, అందులో డిసేబుల్ అబ్సల్యూట్ వాల్యూమ్ ఆన్ చేసి బడ్స్ మళ్ళీ కలుపు. అప్పుడు ఫోన్ సౌండ్ వేరు, బడ్స్ సౌండ్ వేరు అవుద్ది, రెండూ పెంచుకోవచ్చు.

అక్క: ఆగు... కొట్టా... కలిపా. ఊహూ, అంతే ఉందిరా. కుడిది కొంచెం నయం, ఎడమది అసలు లేదు.

తమ్ముడు: ఎడమదేనా? ఏదీ, ఇటివ్వు. రబ్బరు తీస్తా... అక్కా.

అక్క: ఏంట్రా?

తమ్ముడు: ఇది సెట్టింగ్ కాదే, గుబిలి.

అక్క: ఛీ! రికార్డింగ్ ఆపు. ఆపరా ముందు!